పానా పట్టిన నాయుడుగారు

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బొంబాయి పత్తి మీద బ్రతికే నగరం. కొలాబాలోని పత్తి మైదానంలో బేళ్లు గుట్టలుగా పేరుకొని ఉండేవి. సరుకును కంటితో చూడకుండానే కొని, చేతితో తాకకుండానే అమ్మే దళారుల మాట మీద లక్షల రూపాయలు చేతులు మారేవి. ఆ బజారులోకి తిరుప్పూరు నుండి ఒక తెలుగు యువకుడు తన సర్వస్వం వెంటబెట్టుకొని వచ్చారు. యుద్ధకాలపు గిరాకీలో గింజలు తీసే మిల్లు నడిపి ఆయన గడించిన సొమ్ము లక్షన్నర రూపాయల దాకా ఉండేదని చెబుతారు. బొంబాయి పత్తి ఆసాముల ముందు ఆ సొమ్ము ఎంతో కాలం నిలువలేదు. ఉన్నదంతా పోగొట్టుకొని, ఉత్త చేతులతో ఆయన కోయంబత్తూరు తిరిగి వెళ్లిపోయారు.

బొంబాయి చాలామంది తెలుగువారిని తనలో కలుపుకొన్నది. నైజాం ప్రాంతం నుండి వలస వచ్చిన రాతిపనివారు, కూలీలు కామాఠీపురాకు తమ పేరే ఇచ్చారు. కరీంనగరం, నల్లగొండ, ఓరుగల్లు వైపు నుండి వచ్చిన పద్మశాలీలు మిల్లుల్లో మగ్గాలు పట్టుకొని, 1920ల తొలినాళ్లలో వర్లిలో లేచిన బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క గదికి ఒక్కొక్క కుటుంబంగా స్థిరపడ్డారు. ఈయన మాత్రం ఆ నగరంలో నిలువలేదు. నిలిచి ఉంటే పత్తి దళారుల్లో ఒకరై ఉండేవారేమో గాని, దక్షిణాదిన మోటారు వాహనం పల్లె జనానికి చేరిన కథ మరో విధంగా ఉండేది. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు.

1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. కొంగునాడులో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. విజయనగర రాజుల కాలం నుండి దక్షిణానికి సాగిన వలసల్లో వచ్చి నల్లరేగడి నేలల్లో పత్తి పండించిన కమ్మవారు వారిలో ఒక ముఖ్యభాగం. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు, బడిలో తమిళం చదువుకుంటారు. కామాఠీపురా వారి తెలుగులో మరాఠీ ఎలా కలిసిపోయిందో, వారి తెలుగులో తమిళం అలా కలిసిపోయింది.

పుట్టిన కొద్దికాలానికే తల్లి పోయింది. బడి ఆయనకు ఏనాడూ నచ్చలేదు. ఉపాధ్యాయుడి ముఖాన ఇసుక చల్లి బడి నుండి వెళ్లగొట్టించుకొన్న పిల్లవాడిగా ఆయన బాల్యాన్ని గురించి చెప్పుకొంటారు. మూడో తరగతితో చదువు ముగిసింది. ఆ తరువాత చదివినదంతా స్వయంగా చదివినదే. ఇలాంటి కథలు విని బడి అనవసరమని తేల్చేవారు లేకపోలేదు. ఇసుక చల్లిన పిల్లలు వేలమంది ఉంటారు, వారిలో నాయుడుగారు ఒక్కరే.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. లాంకషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి దాని మీద ఆ పల్లె వైపు వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కే పని లేదు, బండి మాత్రం పరుగెత్తుతున్నది. ఇరవై ఏళ్ల దొరస్వామి దానిని చూసి నిలువెల్లా కదిలిపోయారు. చూసి ఆశ్చర్యపడిన వారు ఊరంతా ఉండి ఉంటారు గాని, దానిని కొనాలని పట్టుబట్టినది ఆయనే. పొలం వదిలి కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డించే పనికి కుదిరారు. మూడేళ్లు ఎంగిలి విస్తళ్లు తీసి మూడు నాలుగు వందల రూపాయలు కూడబెట్టారు. ఆ సొమ్ముతో ఆ దొర దగ్గరే ఆ రడ్జ్ బండిని కొన్నారు.

కొన్న తరువాత ఆయన చేసిన మొదటి పని దానిని ఊరేగించడం కాదు. దేనికదిగా విప్పి నేల మీద పరిచారు. ఏ మర ఎక్కడిది, ఏ గొట్టంలో ఏమి పారుతుంది, నిప్పురవ్వ ఎక్కడ పుడుతుంది, ఆ పేలుడు బలం చక్రానికి ఎలా చేరుతుంది అని చూసి, తిరిగి బిగించారు. మళ్లీ విప్పారు. చదువు లేని ఆ యువకుడికి అదే బడి, అదే పాఠ్యపుస్తకం. దానితోనే ఆయన మెకానిక్కు అయ్యారు.

అదే కాలంలో హైదరాబాదులో జరిగిన మరొక మోటారు ముచ్చట ఇక్కడ చెప్పుకోదగ్గది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో రోల్స్ రాయిస్ కంపెనీకి ఒక కారు పురమాయించారు. పసుపు వన్నె, పైన గుమ్మటం లాంటి కప్పు, వెనుక భాగంలో ప్రభువు కూర్చునేందుకు సింహాసనం. బండి రాకముందే, ఆ ఏటి ఆగస్టులో, ప్రభువు కన్నుమూశారు. తరువాత వచ్చిన ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ఉత్సవాలకే వాడుకొన్నారు. ఎన్నో దశాబ్దాల ఆయుష్షులో ఆ కారు తిరిగినది మూడున్నర వందల మైళ్లకు మించదని లెక్క. నేడు చౌమహల్లా రాజప్రాసాదంలో దానిని మెరుగుపెట్టి నిలిపారు, వెళ్లినవారు చూడవచ్చు. పాతకార్ల మీద మక్కువ గలవారికి అది కన్నుల పండువే. ఒకే కాలం, ఒకే దక్షిణాపథం. ఒకచోట బండి సింహాసనమైంది, మరొకచోట హోటలు కూలివాని చేతిలో ముక్కలుగా విడిపోయింది. మోటారు యుగం మన దేశంలో నిజంగా మొదలైనది ఆ రెండోచోటనే అనిపిస్తుంది.

బొంబాయిలో దెబ్బతిని వచ్చిన నాయుడుగారికి కోయంబత్తూరులో అండగా నిలిచినవారు రాబర్ట్ స్టేన్స్. కాఫీ వ్యాపారంతో మొదలుపెట్టి ఆ ఊరికి మిల్లులూ బడీ తెచ్చిన ఆంగ్లేయుడాయన. 1920లో ఎనిమిది వేల రూపాయల మోటారు బస్సుకు సగం సొమ్ము స్టేన్స్ అప్పుగా ఇచ్చారు. పొల్లాచ్చి నుండి పళని దాకా ఆ బస్సు నడిచింది. నడిపినవారు నాయుడుగారే.

ఆ దారిని ఎంచుకోవడంలో ఆయన తెలివి కనిపిస్తుంది. పళని కొండ మీది మురుగన్ దర్శనానికి కావళ్లు ఎత్తుకొని కాలినడకన వెళ్లే భక్తులకు లోటు లేదు. ఇటు పొల్లాచ్చి సంత. వరదలా వచ్చే జనం, ఎద్దుబండి తప్ప మరో ఆధారం లేని దారి. బస్సు యజమాని బండి కింద దూరి తానే మరమ్మతు చేసుకోగలిగితే దారిలో ఆగిన బండి గంటలో కదులుతుంది, లేకపోతే పట్నం నుండి మెకానిక్కు వచ్చేదాకా పడి ఉంటుంది. ఆనాటి రవాణా వ్యాపారంలో లాభనష్టాలు నిర్ణయించిన సంగతి ఇదే. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీసు చేతిలో 280 బస్సులు ఉన్నాయి. దేశంలోనే సమర్థంగా నడిచే బస్సు సంస్థల్లో అది ఒకటని పేరు పొందింది. పత్తి బజారులో మాట మీద పోయిన సొమ్ము ఇనుము మీద తిరిగి వచ్చింది.

నాయుడుగారిని భారతదేశపు ఎడిసన్ అని పిలవడం వాడుక అయింది. ఈ బిరుదు ఆయన అసలు పనిని మరుగుపరుస్తుంది. ఎడిసన్ తన దేశంలో 1,093 పేటెంట్లు సంపాదించి, ప్రతి ఊహనూ వ్యాపారంగా మార్చిన మనిషి. నాయుడుగారి ఊహల్లో చాలా భాగం బజారు దాకా రాలేదు. సామాన్యుడి జీవితంలో ఆయన తెచ్చిన పెద్ద మార్పు ఆ బస్సులే. అయినా ఆయన చేసిన వస్తువుల జాబితా చదివితే నవ్వూ ఆశ్చర్యమూ కలిసి వస్తాయి. పొడి బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకొనే యంత్రం, బహు పల్చని బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిను దీపంలా వెలిగించి తిప్పే పంకా, ఎవరూ తారుమారు చేయలేని ఓట్ల యంత్రం. గడ్డం యంత్రం రసాంత్ అనే పేరుతో జర్మనీలో తయారైంది. ఓట్ల యంత్రం సంగతికి వస్తే, మద్రాసు రాష్ట్ర శాసనసభకు 1937లో ముగిసిన ఎన్నికల్లో ఆయన పోటీ చేసి ఓడిపోయారు. ఈ రెంటినీ ముడిపెట్టి నవ్వుకోకుండా ఉండటం కష్టం.

కెమెరా ఆయన రెండో వ్యసనం. ఐరోపా పర్యటనల్లో చేతిలో కెమెరా లేకుండా ఉన్న రోజు తక్కువ. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను ఆయన స్వయంగా చిత్రీకరించారు. దీనిని 1935 నాటి సంగతిగా రాసేవారు రాజు మరణించినది 1936 జనవరిలో అని గమనించరు. జర్మనీలో హిట్లరును కలుసుకొన్నారు. ఆనాటి జర్మనీలో యంత్రాలను చూసి మురిసిన భారతీయులు చాలామంది, ఆ యంత్రాలు ఏ పనికి సిద్ధమవుతున్నాయో గ్రహించినవారు తక్కువ. స్వదేశంలో గాంధీ, నెహ్రూ, సుభాస్ చంద్రబోసు కూడా ఆయన కెమెరాకు చిక్కారు.

1937లో కోయంబత్తూరు శివారు పీలమేడులో, డి. బాలసుందరం నాయుడుతో కలిసి, పూర్తిగా ఇక్కడే తయారైన విద్యుత్ మోటారును వెలువరించారు. దేశంలో అదే మొదటిదని చెబుతారు. బావుల నీటితో సేద్యం చేసే కొంగునాటికి మోటారు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. కోయంబత్తూరు పంపుసెట్లకు పేరు మోసిన ఊరు కావడానికి ఆ బీజం కూడా ఒక కారణం.

1944లో ఆయన మోటారు వ్యాపారం నుండి తప్పుకొని, సంపాదనను చదువు మీదికీ పరిశోధన మీదికీ మళ్లించారు. మరుసటి ఏడు మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. మూడో తరగతి చదివిన మనిషి కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. అక్కడే చిక్కు వచ్చింది. ఇంజనీరును తయారు చేయడానికి నాలుగేళ్లు అక్కరలేదు, సెలవులు తగ్గించి యంత్రాల మీద పని చేయిస్తే రెండేళ్లు చాలని ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకొన్నారు.

ఈ వాదంలో ఇరువైపులా న్యాయం ఉన్నది. వంతెన కట్టేవాడికి చేతిపనితో పాటు గణితమూ కావాలి, అది రెండేళ్లలో అందరికీ ఒంటబట్టదు. ఒక్క మోటారు సైకిలును విప్పి సర్వమూ నేర్చుకొన్నవాడు తన కొలతతోనే అందరినీ కొలిచాడనిపిస్తుంది. కాని యంత్రాన్ని నల్లబల్ల మీద తప్ప చూడకుండా పట్టా పుచ్చుకొనే చదువు మీద ఆయన ఎత్తిన వేలు నేటికీ దిగలేదు. ఆ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారి నగరంలో మరోవైపుకు తరలిపోయింది. అవినాశి రోడ్డు మీది బస్సు స్టాపును మాత్రం జనం ఇంకా హోప్ కాలేజీ అనే పిలుస్తారు. కాలేజీ లేదు, గవర్నరు లేడు, టిక్కెట్టు మాత్రం ఆ పేరుకే తీసుకొంటారు.

నాయుడుగారి తోటల్లో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు జరిగేవి. వాటిని చూడవచ్చినవారిలో సర్ సి.వి. రామన్ ఒకరు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఒకరు. మోక్షగుండం గ్రామాన్ని ఇంటిపేరుగా మోసిన ఆ ఇంజనీరుకూ కారు తీరని కోరికే. 1935లో ఐరోపా, అమెరికా దేశాలు తిరిగి అక్కడి మోటారు కర్మాగారాలను పరిశీలించి, బొంబాయిలో భారతీయుల సొంత కారు కర్మాగారం పెట్టాలని ఆయన పథకం వేశారు. అప్పటికే 1928 నుండి అమెరికా వారి జనరల్ మోటార్స్ సంస్థ బొంబాయి సేవ్రీలో, వర్లి చాళ్లకు కొద్ది మైళ్ల దూరంలో, విదేశీ విడిభాగాలు తెచ్చి కార్లు బిగిస్తుండేది. ఆ పని బిగింపే గాని తయారీ కాదన్నది విశ్వేశ్వరయ్య బాధ. ఆయన పథకాన్ని వాల్‌చంద్ హీరాచంద్ అందుకొన్నారు. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఏర్పడి కుర్లాలో కర్మాగారం లేచింది. బొంబాయి వీధుల్లో నలుపు పసుపు రంగుల టాక్సీగా ప్రతివారూ ఎరిగిన పద్మిని ఆ కర్మాగారపు బిడ్డే. ఆ జాతి టాక్సీల్లో చివరిది 2023 అక్టోబరు చివరన ముంబయి రోడ్ల నుండి తప్పుకొన్నది.

కుర్లాలో కర్మాగారం నడుస్తున్న రోజుల్లోనే, 1952లో, కోయంబత్తూరులో నాయుడుగారు తన కారును బయటపెట్టారు. పెట్రోలుతో నడిచే బండి, ఇద్దరు కూర్చోవచ్చు, ధర రెండు వేల రూపాయలు. బజారులో దొరికే కార్లతో పోలిస్తే అది నమ్మశక్యం కానంత చవక. ఒక బడిపంతులో, చిన్న రైతో, ఊళ్లు తిరిగే వైద్యుడో ఆశపడదగిన ధర. కాని అప్పటికి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. ఏ వస్తువును ఎవరు ఎంత చేయాలో ఢిల్లీ అనుమతించాలి. నాయుడుగారికి అనుమతి రాలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

ప్రభుత్వం వైపు వాదన కూడా వినదగ్గదే. విదేశీ మారకం కొరత, ఉక్కు కొరత. ఉన్న కొద్దిపాటి గిరాకీని పదిమంది పంచుకొంటే ఎవరి కర్మాగారమూ నిలువదన్న భయం. ఆ భయంతోనే తయారీ పథకం లేని విదేశీ సంస్థలను కూడా పొమ్మన్నారు. సేవ్రీలోని జనరల్ మోటార్స్ 1950ల నడుమనే మూతపడింది. ఒక నమూనాను రెండు వేలకు చేయడం వేరు, వేలకొద్దీ బండ్లను ఆ ధరకే చేసి అమ్మడం వేరు. ఆయన చేసి చూపగలిగేవారా అనే ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి జవాబు చెప్పవలసినది బజారు, ఫైలు కాదు. అనుమతి పొందినవారు దశాబ్దాల తరబడి అవే రెండు మూడు కార్లను అమ్ముకొన్నారు, కొనేవారు ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డారు. సామాన్యుడి కారు అనే మాట మళ్లీ గట్టిగా వినిపించినది 2008లో, లక్ష రూపాయల నానోను టాటాలు చూపించినప్పుడు. అది రోడ్డెక్కింది, 2018 నాటికి ఆగిపోయింది. కాని దానిని ఆపినవారు కొనేవారు. నాయుడుగారి బండికి ఓడిపోయే అవకాశం కూడా దక్కలేదు.

ఆ సంవత్సరాల్లోనే పన్నుల భారం మీద ఆయన కోపం కట్టలు తెంచుకొన్నది. తాను చేసిన, చేయించిన యంత్రాలను జనం ముందు పెట్టి సుత్తితో పగులగొట్టించారు. సంపాదించేకొద్దీ పన్నుగా పోయేటప్పుడు సృష్టి ఎందుకన్నది ఆయన నిరసన. దేశమంతా ఆ వార్త పాకింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు పిచ్చి అన్నారు. పగిలిన ప్రతి వస్తువులో ఆయన బుద్ధి ఒక్కటే లేదు, కార్మికుల చెమటా ఉన్నది, కనుక ఆ సుత్తిని మెచ్చుకోవడం కష్టం. విప్పడానికీ పగులగొట్టడానికీ తేడా ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. విప్పినది తిరిగి బిగించవచ్చు.

కోపం చల్లారినా చమత్కారం తగ్గలేదు. 1967లో, డెబ్బయి నాలుగేళ్ల వయసులో, ఉదయం ఆరు గంటలకు పునాది మొదలుపెట్టి సాయంత్రం అయిదు గంటలకు ఇల్లు పూర్తి చేసి చూపించారు. ముహూర్తం చూసుకొని ఏళ్ల తరబడి ఇల్లు కట్టే దేశంలో గృహప్రవేశానికి అదే రోజు పాలు పొంగించవచ్చునన్నమాట. ఆ ఏడే కోయంబత్తూరులో ఆయన పారిశ్రామిక ప్రదర్శనశాల కూడా వెలిసింది. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు.

ఆయన సేకరణ మీద ఆయన కుటుంబమూ, ఆయన నెలకొల్పిన ధర్మసంస్థా పెంచుకొంటూ వచ్చిన పాతకార్ల ప్రదర్శనశాల 2015లో అవినాశి రోడ్డు మీద తెరుచుకొన్నది. అక్కడ రాజుల బండ్ల తళుకు కన్నా మోటారు వాహనం అడుగడుగునా ఎలా మారిందన్న వరుస ముఖ్యం. బెంజ్ 1886లో చేసిన మూడు చక్రాల బండి నమూనా, జనాన్ని కారెక్కించిన ఫోర్డు మోడల్ టి, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వంటివి ఉన్నాయి. సామాన్యుల కోసం చేసిన ఆ కార్ల నడుమ ఆయన రెండు వేల రూపాయల బండి ఎక్కడ నిలిచి ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు.

2025 అక్టోబరులో అదే అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవైన పైవంతెనను తమిళనాడు ముఖ్యమంత్రి ప్రారంభించి, దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. వీధుల పేర్లలో నుండి కులనామాలు తొలగించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన రోజులవి. మరి నాయుడు అన్నది కులనామం కాదా అని వివాదం లేచింది. జి.డి. అని రెండు అక్షరాలే రాస్తే వంతెన ఎవరిదో ఎవరికీ తెలియదని మరొక వాదం. పేరు అలాగే ఉన్నది. వంతెన మీద కార్లు ఆగకుండా సాగిపోతున్నాయి. పాతకార్ల ప్రదర్శనశాలకు వెళ్లాలంటే మాత్రం కింది దారినే పోవాలి.